మైనం కింద నంబరు

“హేమ చనిపోయిన రోజు సాయంత్రం మీరెక్కడున్నారు చరణ్ గారూ?”

“ఈ ప్రశ్న ఇప్పటికే రెండుసార్లు అడిగేరండి.”

“రెండుసార్లూ రెండు జవాబులు చెప్పేరు మీరు. మొదట ఇంట్లో పడుకున్నానన్నారు. తర్వాత ముమ్మిడివరంలో పెళ్లికి వెళ్లేనన్నారు. మీరు చెప్పిన కల్యాణమండపానికి ఆ రోజు తాళం వేసుంది. అందుకే మూడోసారి అడుగుతున్నాను.”

డాక్టర్ చరణ్ కళ్లజోడు తీసి తెల్లకోటు అంచుతో తుడుచుకున్నాడు. అమలాపురం ఏలీము క్యాన్సర్ ఆసుపత్రిలో ల్యాబ్‌కి అతనే పెద్ద. నలభై దాటని మనిషి. రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేడు. బల్లకి ఇవతల కూర్చున్న జ్యోతిర్మయి తొందరపడలేదు. పోలీసు ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా మారి ఆరేళ్లయింది. కానీ ఎదుటివాడు అబద్ధం కోసం తడుముకుంటున్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలన్న పాఠం ఆమె మర్చిపోలేదు.

హేమ ఈ ల్యాబ్‌లోనే పనిచేసేది. పన్నెండు రోజుల కిందట దిండిలో, గోదావరిలో రిసార్టు పడవలు కట్టే రేవు పక్కన శవమై తేలింది. ఒడ్డున స్కూటీ నిలబెట్టి ఉంది. ఆత్మహత్య అని పోలీసులు తేల్చేశారు. కన్నతండ్రి మత్తయి మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన్ని కారెక్కించుకుని జ్యోతిర్మయి ఇంటికి తీసుకొచ్చింది డాక్టర్ ప్రేమ్ కుమార్. ఏలీము ఆసుపత్రి కట్టించింది ఆయనే. కోనసీమలో పేగు క్యాన్సర్ అంటే జనానికి గుర్తొచ్చే సర్జనూ ఆయనే.

“హేమ అలాంటి పిల్ల కాదు చెల్లెమ్మా,” అన్నారు ఆ రోజు. “ఎవరో చంపేరు. మా ల్యాబ్‌లో కొన్ని బ్లాకులు, అంటే రోగుల గడ్డల నమూనాలు, మాయమయ్యేయి. అవెక్కడున్నాయో తేలితే చంపినవాడెవడో తేలుతుంది. దొరగ్గానే ఇంకెవరికీ చెప్పకుండా తిన్నగా నా దగ్గరికి తీసుకొచ్చెయ్యండి. చరణ్ మీద ఓ కన్నేసి ఉంచండి.”

ఆ మాట ఇంకెవరన్నా జ్యోతిర్మయి అనుమానించేది. ప్రేమ్ కుమార్ గారిని అనుమానించడం ఆమెకి చేతకాదు. తల్లీ తండ్రీ లేని తనని పెంచి పెద్దచేసిన అక్క సత్యవతికి పేగులో గడ్డ తీసింది ఆయన చేతులే. తను ఉద్యోగం వదిలి రోడ్డున పడ్డప్పుడు పిలిచి మొదటి పని ఇచ్చిందీ ఆయనే. రాజోలులో ఇద్దరిదీ ఒకే చర్చి. వరసకి కాకపోయినా నోరారా అన్నయ్యగారూ అని పిలుచుకుంటుంది.

“రాజమండ్రి వెళ్లేనండి,” అన్నాడు చరణ్ చివరికి. “వేరే ఆసుపత్రిలో ఉద్యోగం కోసం. చీకటిపడేదాకా ఇంటర్వ్యూ. వాళ్ల రిసెప్షన్ కెమెరాలో నా మొహం ఉంటది, చూసుకోండి. ఇక్కడ తెలిస్తే పెద్దాయన ఊరుకోరని దాచేను.”

“ఇంత మంచి ఉద్యోగం ఎందుకు వదులుకోవాలనిపించింది?”

“హేమ చూపించింది చూసేక ఇక్కడ ఉండబుద్ధి కాలేదండి.”

“ఏం చూపించింది?”

చరణ్ లేచి తలుపు చేరవేసి వచ్చి కూర్చున్నాడు.

“మీకు మామూలుగా చెప్తాను. కణాలన్నిట్లోనూ ఉండే జన్యువులు అవేనండి. కానీ అన్నీ ఒక్కలా పనిచెయ్యవు. కొన్ని గట్టిగా అరుస్తాయి, కొన్ని మూగగా పడుంటాయి. పేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాక అసలు ప్రశ్న ఒకటే. మళ్లీ తిరగబెడుతుందా, లేదా? తీసిన గడ్డలో కొన్ని జన్యువులు ఏ స్థాయిలో అరుస్తున్నాయో కొలిచి ఓ స్కోరు వేస్తాం. ఎక్కువొస్తే కీమో పెట్టాలి. తక్కువొస్తే ఆపరేషన్‌తో సరి, ఇంటికెళ్లి హాయిగా ఉండొచ్చు. ఆ జన్యువుల్ని ఏరి, పరీక్ష తయారు చేసింది పెద్దాయనే.”

“తెలుసు. మా అక్కకీ చేసేరు. తక్కువొచ్చింది. కీమో తప్పింది.”

చరణ్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు.

“ఏంటి, చెప్పండి.”

“పరీక్ష ఎంత ఖచ్చితమో చూద్దామని హేమ పాత బ్లాకులన్నీ మళ్లీ నడిపిందండి. నమూనాలు తారుమారు కాలేదని చూసుకోడానికి ఈసారి ఇంకో రెండు జన్యువులు కలిపింది. ఒకటి మగవాళ్లలోనే పలికేది. ఇంకోటి ఆడవాళ్లలో పలికేది. ఓ ఆడమనిషి పేరు మీదున్న గడ్డలో మగ జన్యువు పలికిందండి. కొద్దిగా కాదు, నిండుగా. ఓ మగాయన గడ్డలో అది అసలు లేదు, ఆడ జన్యువు పలికింది. ఇంకా తవ్వితే ఇలాంటివే మరో రెండు జతలు.”

“అంటే గడ్డలు మారిపోయేయి.”

“మారిపోలేదండి. ఎవరో మార్చేరు. హేమ ఆ ఆరు బ్లాకులూ పక్కకి తీసి దాచింది. ఎక్కడని అడిగితే, పెద్దాయనకి చెప్పేక మీకూ చెప్తానంది. ఆ తర్వాత నాలుగు రోజులకే పోయింది.”

“మీరు మార్చలేదని నేనెలా నమ్మాలి?”

“నమ్మకండి. వెతకండి.”

బ్లాకుల గది ల్యాబ్ వెనకాలే ఉంది. గోడ పొడుగునా ఇనప సొరుగులు. ఒక్కో సొరుగులో వందల కొద్దీ బ్లాకులు. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్క కోసి, మైనంలో పోతపోసి, బొటనవేలంత ప్లాస్టిక్ చట్రంలో బిగించినవి. చట్రం అంచున నంబరు. ఏళ్లు గడిచినా చెడవు. గది నిండా కలరా ఉండల వాసన. మైనానికి చీమలు పడతాయని వేస్తామని చరణ్ చెప్పాడు.

హేమ అద్దెగదిని ఎవరో చిందరవందర చేసి వెళ్లారు. రాజోల్లో మత్తయి మాస్టారి ఇంట్లో బీరువా అడుగు పలకతో సహా ఊడదీశారు. స్కూటీ సీటు కోసేశారు. ఎక్కడా బ్లాకులు దొరకలేదు. వెతికినవాళ్లకి దొరకలేదంటే హేమ వాటిని అసలు ఈ గది దాటించలేదేమో అని జ్యోతిర్మయికి మొన్ననే తట్టింది.

“పేగు బ్లాకులుండే సొరుగులేవి?”

“ఈ వరస. పెద్దాయన స్వయంగా రెండుసార్లు చూసుకున్నారు. అందులో లేవు.”

“ఎవరూ ముట్టుకోనివి?”

“ఆ కింద వరసండి. పాతకాలం థైరాయిడ్ బ్లాకులు. ఏళ్లతరబడి ఎవరికీ అక్కర్లేదు.”

జ్యోతిర్మయి మోకాళ్ల మీద కూర్చుని ఫోను లైటు వేసింది. సొరుగు పిడులన్నిటి మీదా బూడిదలా దుమ్ము. చివరినుంచి మూడో పిడి మీద మాత్రం లేదు. ఆ సొరుగు పూర్తిగా మూసుకోకుండా గోరంత బయటికి నిలబడి ఉంది. లాగింది. నిండా కుక్కిన బ్లాకులు. చేతిరుమాలు వేళ్లకి చుట్టుకుని వెనక వరస తీసింది. వాటి వెనకాల, రబ్బరు బ్యాండు వేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో ఆరు బ్లాకులున్నాయి.

డబ్బాలోంచి ఒకటి తీసి లైటు కింద పెట్టి చూసింది. దాని పక్కన థైరాయిడ్ బ్లాకు ఒకటి పెట్టి పోల్చింది. తేడా వెంటనే కనబడలేదు. రెండూ అటూ ఇటూ తిప్పింది.

“చరణ్ గారూ, నంబరు ఎప్పుడు రాస్తారు? మైనం పొయ్యకముందా, తర్వాతా?”

“ముందేనండి. గడ్డ ముక్క చట్రంలో పెట్టగానే రాసేస్తాం. ఆ తర్వాతే మైనం.”

“అయితే నంబరు మైనం కింద ఉండాలి. పాత బ్లాకు చూడండి, అంకెల మీద పల్చటి పొర ఉంది. దీని మీద అంకెలు పొర పైన ఉన్నాయి.”

చూపుడువేలి గోరుతో అంచుని మెల్లగా గీకింది. నల్లసిరా పొట్టులా లేచి వచ్చేసింది. కింద బ్లేడుతో గీకిన గరుకు కనిపించింది. ఆ గరుకులో, పూర్తిగా చెరగని ఇంకో నంబరు నీడలా ఉంది.

చరణ్ వంగి ఆ అంకెల నీడకేసి చూశాడు.

“పైన రాసిన నంబరు ఎవరిది?”

అతను కంప్యూటర్ దగ్గరికెళ్లి నంబరు కొట్టాడు. “ఈయనేనండి ఆ మగాయన. సత్యం. ఊరు కొత్తపేట. ఫోన్ నంబరుంది.”

“ఈయన ఇప్పుడెలా ఉన్నారు?”

“నాకు తెలీదండి.”

“మీ రోగే కదా!”

“రోగి సర్జన్ గారికండి. మాకు గడ్డ మాత్రమే వస్తుంది. మనిషి బతికేడో, పోయేడో, జబ్బు తిరగబెట్టిందో లేదో ల్యాబ్‌కి తెలీకూడదు. తెలిస్తే మాకు తెలీకుండానే స్కోరు అటూ ఇటూ అవుతుందని ఆ వివరాలకి తాళం వేసేస్తారు. చూడండి.” నొక్కితే తెర మీద ఎర్ర గీత అడ్డం పడింది. “ఇది తెరవడానికి నాకు అధికారం లేదు.”

జ్యోతిర్మయి ఆ ఎర్ర గీతకేసి కాసేపు చూసింది. తర్వాత ఫోను తీసి కొత్తపేట నంబరు కలిపింది. ఎత్తింది ఆయన భార్య. పేరు బుల్లెమ్మట.

“ఆయ్, మావారేనండి సత్యం. పోయి ఏడాది దాటిందండి.”

“పేగుకి ఆపరేషనయింది కదమ్మా?”

“అయ్యిందండి. గడ్డ పరీక్ష చేసి కీమో అక్కర్లేదన్నారు. మావారు ఎంత సంబరపడ్డారనుకున్నారు! ఊరందరికీ తనే వండి పెట్టేరు. మరి ఆ రెండో వేసవిలో లివర్‌కి వచ్చేసిందండి. మా రాత. డాక్టరు గారిదేం తప్పు లేదండి, బంగారం లాంటి మనిషి. చివరిదాకా ఇంటికొచ్చి చూసేరు. ఎవరండి మాట్లాడేది? ఆసుపత్రి వాళ్లా?”

“ఆసుపత్రినించేనమ్మా. మళ్లీ ఇంటికొచ్చి కలుస్తాను.”

మిగిలిన బ్లాకుల్లో, చరణ్ చెప్పిన మరో రెండు జతల నుంచి కూడా పేర్లు తీయించి ఫోన్లు చేసింది. ఒకరు పోయారు. ఇంకొకరు మంచం మీద ఉన్నారు. ముగ్గురికీ మొదట స్కోరు తక్కువే వచ్చింది. ముగ్గురికీ తిరగబెట్టింది. పరీక్ష తప్పు చెప్పిన ముగ్గురూ ఇప్పుడు పుస్తకాల్లో స్కోరు ఎక్కువ వచ్చినవాళ్లుగా ఉన్నారు. వాళ్ల పేర్ల మీద ఇంకెవరివో గడ్డలున్నాయి. అలా మార్చాలంటే ఎవరికి తిరగబెట్టిందో ముందు తెలియాలి. ల్యాబ్‌లో ఎవ్వరికీ తెలీదు. తెలిసిన మనిషి ఒక్కరే.

కాదు, ఎక్కడో పొరపాటు పడుతున్నాను అనుకుంది. ఆ మనిషి ఎంతమందిని బతికించారు! మొన్న క్రిస్మస్‌కి అక్కకి చీర తెచ్చి పెట్టారు.

“ఎందుకు చేస్తారండి అలా?” అంది.

“పరీక్ష పూర్తిగా దొంగదేం కాదండి,” అన్నాడు చరణ్. “పదిమందిలో ఏడుగురి విషయంలో నిజమే చెప్తుంది. ఏడంటే తక్కువేం కాదు. ఆయనకి ఏడు చాల్లేదు. దేశమంతా ఆయన పేరుతో వాడాలంటే తొమ్మిది రావాలి. పోయిన ఏడాది కాక ఆ ముందు వేసవిలో అనుమతి కోసం ఢిల్లీకి లెక్కలు పంపేం. అప్పటికి తొమ్మిదొచ్చింది. మేం స్వీట్లు పంచుకున్నాం.”

“సత్యం గారి పేరు పెట్టుకున్న ఈ గడ్డ అసలు ఎవరిది?”

చరణ్ బ్లాకుని భూతద్దం కింద పెట్టి నీడలాంటి అంకెల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుని కంప్యూటర్లో కొట్టాడు. పేరు వచ్చింది. అతను తెరని తన వైపుకి తిప్పుకోబోయాడు. జ్యోతిర్మయి చెయ్యి అడ్డం పెట్టింది.

సత్యవతి. రాజోలు. ప్రధానోపాధ్యాయురాలు.

“మీరు అక్కగారి పేరు చెప్పలేదు కదండి ఇందాక,” అన్నాడు చరణ్ నెమ్మదిగా. “పేరు అడుగుదామనే అనుకున్నాను. ధైర్యం చాల్లేదు.”

అక్కకి ఆపరేషన్ అయింది ఆ వేసవిలోనే. సత్యం గారికి తిరగబెట్టిందీ, ఢిల్లీకి లెక్కలు వెళ్లిందీ కూడా అప్పుడే. ఎక్కువ స్కోరున్న తాజా గడ్డ ఒకటి కావలసివచ్చింది. అక్కది చేతికి దొరికింది. అక్క గడ్డ సత్యం పేరు మీదికి వెళ్లింది. సత్యం గడ్డ అక్క పేరు మీదికి వచ్చింది. అక్కకి తక్కువ స్కోరని కాగితం ఇచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇంటికి పంపేశారు. కీమో మొదలుపెట్టాల్సిన రెండు నెలలూ అక్క చర్చి క్వయర్‌కి పాటలు నేర్పుతూ గడిపింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అనేది వీరాయమ్మ, వాళ్ల వీధిలో ముసలామె. జ్యోతిర్మయికి ఇప్పుడు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. సొరుగు దగ్గరికెళ్లి నేలమీద కూర్చుని, ఆ బ్లాకుని తిరిగి డబ్బాలో సర్దింది.

“ఏం మేడం గారూ, నేలమీద కూర్చుని ఏం ఏరుకుంటున్నారు?”

గుమ్మంలో సీఐ వెంకటసాయి. వెనక ఒక కానిస్టేబులు. వెంకటసాయీ జ్యోతిర్మయీ ఒకే బ్యాచి. ఆమె ఉద్యోగం వదిలిన రోజున స్టేషన్లో బిర్యానీ తెప్పించింది ఇతనేనని చెప్పుకుంటారు.

“మూసేసిన కేసులో మీకేం పని సీఐ గారూ?”

“నాకున్న పని సంగతి సరే. మీకు టోపీ పోయి ఆరేళ్లయింది. ఆ డబ్బా ఇలా ఇవ్వండి.”

“డబ్బా ఉందని మీకెవరు చెప్పేరు?”

“డాక్టరు గారే. దాన్ని మీరు వెతుకుతున్నారనీ, దొరికితే ఆసుపత్రి ఆస్తి కాబట్టి తనకి అప్పజెప్పమనీ చెప్పేరు. మీ మీద ఓ కన్నేసి ఉంచమన్నారు కూడా.”

చరణ్ మీద కన్నేసి ఉంచమన్న గొంతే అది. జ్యోతిర్మయి లేచి నిలబడింది.

“హేమది ఆత్మహత్యని మీరెలా తేల్చేరు?”

“మళ్లీ మొదటికొచ్చేరా? కోడిగుడ్డుకి ఈకలు పీకడం మీకలవాటే. డాక్టరు గారు వాంగ్మూలమిచ్చేరు. ఆ సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేసిందంట, బతకాలని లేదందంట. అప్పటిదాకా ఆ పిల్ల మనసు బాగోలేదని తనకే తెలీదని, ముందే తెలిస్తే కాపాడుకునేవాణ్నని నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇంకేం కావాలి?”

“అదే డాక్టరు గారు మా ఇంటికొచ్చి, హేమ అలాంటి పిల్ల కాదు, ఎవరో చంపేరన్నారు.”

“ఎప్పుడు?”

“అంత్యక్రియలైన మర్నాడు. మత్తయి మాస్టారి ఎదురుగానే. కావాలంటే ఆయన్నే అడగండి.”

వెంకటసాయి నవ్వు సగంలో ఆగింది. “అలా ఎందుకంటారు?”

“మీకు ఆత్మహత్యంటే కేసు మూస్తారు. నాకు హత్యంటే బ్లాకులు వెతుకుతాను. హేమ ఎక్కడ దాచిందో ఆయనకి తెలీదు. పోలీసుల్ని కుక్కల్ని తెమ్మనలేరు కదా. ఇంట్లో పెంచుకున్న దాన్నే వదిలేరు.”

“నోరు జాగ్రత్త జ్యోతిర్మయి గారూ. ఆయన మా అమ్మకి ఆపరేషన్ చేసిన మనిషి.”

“మా అక్కకీ చేసేరు.” డబ్బా అతని చేతికిచ్చింది. “తీసుకెళ్లి ఇచ్చెయ్యండి. ఇచ్చేముందు ఒక్కదాని నంబరు గోటితో గీకి చూడండి. అంతే.”

వెంకటసాయి ఆమెకేసి, చరణ్‌కేసి మార్చి మార్చి చూశాడు. రెండో బ్లాకు తీసి గీకాడు. సిరా అతని గోట్లోకి వచ్చింది. దాన్ని బొటనవేలితో నలిపి చూశాడు. చరణ్ రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. అంతా విని, కానిస్టేబుల్ని బయటికి పంపి, గొంతు తగ్గించాడు.

“మా అమ్మ గడ్డ కూడా ఇలాగే…?”

“తెలీదండి,” అన్నాడు చరణ్. “అన్నీ మళ్లీ చూడాలి.”

“ఇది స్టేషన్‌కి తీసుకెళ్తాను. పంచనామా రాయించి, పైవాళ్లతో మాట్లాడతాను. ఆ సాయంత్రం ఈయన ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో తీయిస్తాను. అందాకా మీరు ఆయన ఛాయలకి పోవద్దు. చరణ్ గారూ, మీరు నాతో రండి.” గుమ్మం దాటబోతూ ఆగాడు. “ఆ రోజు బిర్యానీ సంగతి నిజమే. ఇంకోసారి మాట్లాడుకుందాం.”

జీపు వెళ్లిన చప్పుడు ఇంకా చెవిలో ఉండగానే జ్యోతిర్మయి ఫోను మోగింది. ప్రేమ్ కుమార్.

“చెల్లెమ్మా, కిందే ఉన్నారంటగా. ఓసారి నా గదికి రండి. మీకోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నారు.”

వెళ్లకూడదనుకుంటూనే మెట్లెక్కింది.

గది ఎప్పటిలాగే ఉంది. బల్ల మీద తెరిచిన బైబిలు, గోడ మీద బాగైన రోగుల ఫోటోలు. ఎదురు కుర్చీలో అక్క సత్యవతి కూర్చుని ఉంది. మణికట్టుకి ఆసుపత్రి ప్లాస్టిక్ పట్టీ. ఒళ్లో బట్టల సంచి.

“అక్కా! నువ్వేంటి ఇక్కడ?”

“అరవకే. కూర్చో. లివర్లో చిన్న మచ్చ కనిపించిందంట. రేపు పొద్దున్నే తీసేస్తారు. ఏం భయం లేదన్నారు.”

“ఎప్పుడు తెలిసింది?”

“నెలయింది. మొదట్లో నేనే చెప్పలేదు. తర్వాత చెప్దామంటే అన్నయ్యగారు వద్దన్నారు. నీ చేతిలో పెద్ద కేసుంది, మనసు చెదిరిపోద్దన్నారు.”

నెల. మత్తయి మాస్టారిని వెంటబెట్టుకుని తన ఇంటికొచ్చి టీ తాగిన రోజుకే ఈ మనిషికి తెలుసు. తను మార్చిన గడ్డ అక్క ఒంట్లో మళ్లీ మొలిచిందని తెలిసీ, చెల్లెమ్మా అని పిలిచాడు.

“బ్లాకులు దొరికేయా?” అన్నాడు ప్రేమ్ కుమార్.

“ఇంకా లేదండి.”

“ఇవాళ దొరికితే బావుంటుంది. పాత గడ్డ పక్కన పెట్టుకుని చూసుకుంటే రేపు నా చెయ్యి తడబడదు.” గొంతులో అదే వాత్సల్యం. వాక్యంలో ఒక్క మాటా పరుషంగా లేదు. జ్యోతిర్మయి అక్క చెయ్యి పట్టుకుంది.

“అక్కా, లే. వెళ్దాం.”

“ఎక్కడికే?”

“కాకినాడ. విశాఖ. ఎక్కడికైనా. ఇక్కడ వద్దు.”

“పిచ్చా నీకు? రెండేళ్లనించీ నా ప్రాణం ఈయన చేతుల్లో ఉంది. ఇప్పుడు ఇంకోడి దగ్గరికెళ్లి కొత్తగా చెప్పుకోమంటావా?” చెయ్యి విడిపించుకుంది సత్యవతి.

వెంకటసాయి మాట జ్ఞాపకం వచ్చింది. అతను పైవాళ్లతో మాట్లాడేదాకా నోరు మూసుకుని ఉంటే కేసు నిలబడుతుంది. కానీ రేపు పొద్దున్న అక్క ఆ బల్ల మీద పడుకుంటుంది.

“నీకు కీమో పెట్టాల్సిందక్కా. నీ స్కోరు ఎక్కువే వచ్చింది. నీ గడ్డ చచ్చిపోయిన ఇంకో మనిషి పేరు మీద పెట్టి, నీకు అబద్ధం చెప్పేడు. అది హేమ పట్టుకుంది. అందుకే హేమ లేదు.”

సత్యవతి చెల్లెలికేసి చూడలేదు. ఆయనకేసి చూసింది, ఒక్కసారి కాదనండి చాలు అన్నట్టు.

“అన్నయ్యగారూ, ఏం మాటలండివి?”

ప్రేమ్ కుమార్ నిట్టూర్చాడు. “అలిసిపోయింది పాపం. ఏమీ అనకండి. హేమ పోవడం నాకే మింగుడు పడలేదు, జ్యోతికి ఎలా పడుతుంది? ఆ సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేసేదాకా ఆ పిల్ల మనసు బాగోలేదని నాకే తెలీదు కదమ్మా.”

సత్యవతి తలాడించబోయి ఆగింది. ముప్ఫై ఏళ్లు పిల్లల అబద్ధాలు విన్న పంతులమ్మ. కనుబొమలు ముడిపడ్డాయి.

“అదేంటండి?” అంది. “ఆదివారం ఆరాధన అయ్యేక, మెట్ల దగ్గర మీరే కదా నాతో చెప్పేరు. మా ల్యాబ్‌లో హేమకి మనసేం బాగోలేదు, ఏదైనా చేసుకుంటుందేమోనని భయంగా ఉంది, ప్రార్థనలో పెట్టుకోండి సత్యవతి గారూ అని. పెట్టుకున్నాను కూడా. ఆ పిల్ల పోయింది మంగళవారం కదండి?”

ఇందాకటినుంచీ జ్యోతిర్మయి మీదే ఉన్న ప్రేమ్ కుమార్ చూపు మెల్లగా సత్యవతి మీదికి మళ్లింది. తర్వాత అతను బల్ల మీద ఉన్న బైబిలు మూసి, కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరికి నడిచి, లోపలి గడియ వేశాడు.